సెప్టిసీమియా: మాట పాతబడింది, జబ్బు కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు పుండు చీము పడితే "సెప్టిక్ అయింది" అంటారు. మనిషి ప్రాణం మీదికొస్తే "రక్తం విషమైపోయింది" అంటారు. ఈ రెండో దాన్నే డాక్టర్లు కేస్‌షీట్లలో సెప్టిసీమియా, అంటే రక్తంలో క్రిములు చేరి వచ్చే జబ్బు, అని రాసేవారు.

1991లో అమెరికాలో కూర్చున్న నిపుణుల సంఘం ఈ మాట వాడొద్దంది. మంచి నిర్ణయమే. పళ్లు గట్టిగా తోముకున్నా కాసేపు బాక్టీరియా రక్తంలోకి వస్తుంది, మనిషికి ఏమీ కాదు. మరో పక్క, చావుబతుకుల్లో ఉన్న ఎంతోమంది రక్తాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే ల్యాబు పరీక్షకి, పంపితే ఏ క్రిమీ పెరగదు. ఇప్పుడు వాడే మాట సెప్సిస్. ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోబోయి ఒళ్లు అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం అని దాని అర్థం. 2016 నిర్వచనం చెప్పేదీ ఇదే.

అందుకే చూడాల్సింది రక్తాన్ని కాదు, మనిషిని. పుండు దగ్గర్నుంచి ఎర్రగీత పైకి పాకితేనే విషమెక్కినట్టు అని చాలామంది నమ్మకం. ఆ గీత లింఫు నాళాల వాపు. దానికి ఆ రోజే డాక్టర్ కావాలి, నిజమే. కానీ న్యుమోనియాతోనో మూత్రం ఇన్ఫెక్షన్‌తోనో సెప్సిస్ వస్తే ఏ గీతా కనబడదు.

ఊపిరి లెక్కపెట్టండి, రోగికి చెప్పకుండా, నిండా 60 సెకన్లు. పెద్దవాళ్లకి 22 లేదా అంతకన్నా ఎక్కువున్నా, మాట తడబడినా, ఉన్న ఊరిపేరు చెప్పలేకపోయినా, పై బీపీ (రెండు అంకెల్లో మొదటిది) 100 లేదా అంతకన్నా తక్కువున్నా 108కి ఫోన్ చేయండి. పొద్దుటినుంచి మూత్రం రాకపోవడమూ అంతే ప్రమాదం. జ్వరం లేదని ధీమా పడకండి. ముసలివాళ్లలో ఒళ్లు చల్లబడే రూపంలోనూ ఇది వస్తుంది. పసికందు పాలు మానేసినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఊపిరి తీసినా క్షణం ఆగొద్దు.

తరచూ జరిగే తప్పు, మందుల షాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు కొని వేసుకుని ఆ తర్వాత ఆసుపత్రికి పోవడం. కల్చర్‌లో పెరగాల్సిన క్రిమి అణిగిపోతుంది, ఏ మందు పనిచేస్తుందో తేలదు. సరైన వరుస ఇది: ముందు కల్చర్‌కి రెండు చోట్ల నుంచి రక్తం, ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు; వెంటనే యాంటీబయాటిక్ ఇంజక్షన్. షాక్‌లో, అంటే బీపీ బాగా పడిపోయి, ఉంటే గంటలోపు పడాలి. రక్తం తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే ఇంజక్షన్ ఆపకూడదు. బీపీ పడిపోతే మొదటి 3 గంటల్లో కిలోకి 30 మిల్లీలీటర్ల సెలైన్, అంటే 60 కిలోల మనిషికి 1800, దాదాపు నాలుగు అరలీటరు సీసాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి మధ్యమధ్యలో ఊపిరితిత్తులు విని చూసుకుంటూ ఎక్కించాలి.

మన కొండవైపు ఇంకో చిక్కుంది. ఫాల్సిపారం అనే ప్రాణాంతక రకం మలేరియా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి కార్డు టెస్ట్ (వేలి రక్తంతో చేసే మలేరియా పరీక్ష) అడిగి చేయించండి. చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా అంతే. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉందేమో బట్టలు తీసి వెతకాలి. దానికి సెప్సిస్‌లో తరచూ వేసే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజక్షన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ కావాలి.

పెద్దాసుపత్రికి బరంపురం పంపినా, సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖో పంపినా, చీటీలో మూడు సంగతులు రాయించుకోండి: ఏ ఇంజక్షన్ ఎన్నింటికి పడింది, ఎంత సెలైన్ ఎక్కింది, కల్చర్ ఏ ల్యాబులో ఉంది. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు రోగి వేరే రాష్ట్రంలో ఉంటాడు, రిపోర్టు ఇక్కడే ఉండిపోతుంది. ల్యాబు ఫోన్ నంబరు చీటీ మీదే రాసి ఉంటే అక్కడి డాక్టర్ మందు మార్చగలడు.