సద్దుల మర్నాడు

నిన్న సద్దుల బతుకమ్మ. పేర్చగా మిగిలిన పూలు పొద్దున వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. తంగేడు రెమ్మలు, గునుగు కాడలు, వాడిన బంతి, కట్ల పూలు, రెండు గుమ్మడి ఆకులు. హనుమకొండలో మా గల్లీలో ఏ ఇంటి ముందైనా ఇయ్యాల ఇదే కనిపిస్తుంది. చాలామంది కవర్లో కట్టి చెత్త బండికి ఇచ్చేస్తారు. నాకు మనసొప్పదు. అందులో తంగేడు, గునుగు గుట్టల మీద, చెలకల్లో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగినవి. బతుకమ్మను పద్మాక్షి గుట్ట కాడ నీళ్లలో వేసి వచ్చాం, ఇంట్లో మిగిలింది మట్టికి పోవాలి.

ముందు ఏరడమే పెద్ద పని. బంతి దండల నుంచి ప్లాస్టిక్ దారం తీశాను. రంగులద్దిన గునుగు పక్కన పెట్టాను. అందులో ఏం రంగు కలిపారో తెలియంది, ఆకుకూరల కుండీలకు పోయే ఎరువులో వేయను. మిగిలిన సద్దులు, మలీద (రొట్టె, బెల్లం కలిపిన ముద్దలు) కూడా వేయను, ఎలుకలు మరుగుతాయి. తంగేడు ఆకు దూసి పుల్లలు ఎరువు చేసే డ్రమ్ము అడుగున పరిచాను. అవి తొందరగా మురగవు, కింద గాలి ఆడటానికి పనికొస్తాయి.

పూలు ఒక్కటే వేస్తే రెండు రోజుల్లో జిగురు పట్టి కంపు కొడతాయి. పూలలో తడి, నత్రజని ఎక్కువ. నత్రజని ఒక పాలుంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు ఉండాలంటారు. కొలవడం ఎక్కడ కుదురుతుంది? ఒక గంప పూలకు రెండు గంపల ఎండు వేపాకు, మీద పాత ఎరువు రెండు దోసిళ్లు, కొంచెం పేడ నీళ్లు. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారొద్దు. ఆ లెక్క నాకు చాలు.

పెద్ద కుప్ప అయితే లోపల 55, 60 డిగ్రీల దాకా కాగి కలుపు గింజలు చాలామటుకు చస్తాయి. మా డ్రమ్ముకు అంత కాక రాదు. అందుకే గింజ పట్టిన గునుగు కంకులు వేరు చేస్తాను. గునుగు కింది నుంచి పైకి పూస్తూ పోతుంది కాబట్టి, కొసన పువ్వు ఉండగానే అడుగున గింజ ముదిరిపోతుంది. అరచేతిలో నలిపితే నల్లగా, నున్నగా మెరిసే చిన్న గింజలు రాలాయి. కాగితంలో పొట్లం కట్టాను.

వచ్చే వానాకాలం ఒక మడి నిండా వేద్దామని, దానికి ఎరువు కూడా అనుకుంటుంటే అత్తమ్మ ఆపింది. “గునుగుకు పెంట ఎందుకే బిడ్డా? చెల్కల దానంతటదే మొలుస్తది. గట్టి నేల ఇయ్యి, చాలు.” నిజమే. పత్తి చేలల్లో కలుపు మందులు కొట్టబట్టి గునుగు తగ్గుతున్నదని ఊళ్లో ఆడవాళ్లు బాధపడుతుంటే విన్నాను. పండుగకు కావలసిన పువ్వు చేనుకు పగ అయింది. అందుకే ఈ పొట్లం నాకు అంత ముద్దు.

మా పెరటిది ఎర్ర చెలక మన్ను. వాన వెలిసి ఎండ కొట్టగానే పైన పెచ్చు కట్టి విత్తనాన్ని లేవనియ్యదు. 2015లో చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు పూడిక చెలకలకు తోలుకుపోతుంటే, మా నాయన చేనుకూ పోయించాడు. నల్లమన్ను తడి పట్టుకుంటుంది. నేను ఊరికి పోయినప్పుడల్లా ఒక సంచి తెచ్చుకుని ఎర్రమన్నులో, పూల ఎరువులో కలుపుతా. పోయినేటి ఎరువు వేసిన చామంతి కుండీల్లో మన్ను ఇప్పుడు ముట్టుకుంటే మెత్తగా ఉంది, కొమ్మ కొమ్మకూ మొగ్గ కట్టింది. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. పువ్వు విచ్చడానికి ఇంకా నెల ఓపిక పట్టాలి, ఇప్పుడు ఎరువు ఎక్కువేస్తే ఆకే పెరుగుతుంది. బంతికి మాత్రం వాడిన పువ్వు వాడినట్టు తుంచుతున్నాను, దీపావళి తోరణానికి ఇంకో కాపు వస్తుంది.

డ్రమ్ము ఇంకా సగం ఖాళీగా ఉంది. పక్కింటి అక్కవాళ్ల వాకిట్లో పూలు అట్లనే ఉన్నాయి. ఇయ్యాల రాత్రే అడిగి తెచ్చుకోవాలి, లేకపోతే పొద్దుగాల బండిలో పోతాయి.