906 వచ్చింది, 1000 పోయింది: ఒక పింఛనుదారుని ఏడాది లెక్క

నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లెవెల్ 7 ఉద్యోగిగా 60,400 రూపాయల మూల వేతనం మీద పదవీ విరమణ చేశాను కనుక, నా మూల పింఛను అందులో సగం, అంటే 30,200 రూపాయలు. కొంత భాగాన్ని కమ్యూట్ చేసుకున్నా, అంటే ముందుగానే ఒకేసారి సొమ్ముగా తీసుకున్నా, కరువు భత్యాన్ని మాత్రం పూర్తి మూల పింఛను మీదనే లెక్కిస్తారు. ప్రతి ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి అది మారుతుంది. ప్రకటన మాత్రం రెండు మూడు నెలలు ఆలస్యంగా వెలువడుతుంది. 2025 జనవరి నుంచి అది 53 శాతం నుంచి 55 శాతానికి పెరిగినట్లు మార్చి చివరలో తెలిసినప్పుడు, నా వంతుకు నెలకు 604 రూపాయలు వస్తాయని పాత డైరీలో రాసుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఆరోగ్య బీమా కంపెనీ నుంచి రెన్యూవల్ నోటీసు వచ్చింది. నాకూ నా భార్యకూ కలిపి ఉన్న ఆ పాలసీకి అంతకు ముందు ఏడాది 38,000 ప్రీమియం, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 44,840 రూపాయలు కట్టాను. ఈసారి ప్రీమియం 47,500, పన్నుతో కలిపి 56,050. పెరిగినది 11,210 రూపాయలు. కరువు భత్యం పెంపు ఏడాది పొడవునా కూడబెట్టినా 7,248 మాత్రమే అవుతుంది. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కనే పడటంతో ఆ రోజు మధ్యాహ్నం భోజనం సయించలేదు.

అరవై ఏళ్లు దాటిన వారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరి 30న ఆదేశించిన విషయం నాకు పత్రికల ద్వారా తెలుసు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ఇది వయసు శ్లాబు మారినందువల్ల వచ్చిన తేడా అని ఒకరు, ఆసుపత్రుల ఖర్చులు పెరిగినందువల్ల అని ఇంకొకరు చెప్పారు. రెండు కారణాలు వినేసరికి నాకు అనుమానం బలపడింది. నోటీసునూ పాత రసీదునూ జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పంపాను. ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలోనూ నమోదు చేశాను. ఆ నియంత్రణ సంస్థ మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉన్నా, మేముండే ఉప్పల్ నుంచి అక్కడికి వెళ్లవలసిన పని పడలేదు. పన్నెండో రోజున, క్షమాపణ గానీ వివరణ గానీ లేకుండా, 41,800 ప్రీమియంతో సవరించిన నోటీసు వచ్చింది. సరిగ్గా పది శాతం పెంపు! పన్నుతో కలిపి 49,324 చెల్లించాను. ఆ ఏడాదే సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీని పూర్తిగా తొలగించారు. మే నెలలో కట్టిన నా 7,524 రూపాయల పన్ను మాత్రం వెనక్కి వచ్చేది కాదు.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుడికి సీజీహెచ్‌ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉండగా ప్రైవేటు బీమా ఎందుకని మీరు అడగవచ్చు. పదవీ విరమణ తర్వాత మేము జగిత్యాలలో స్థిరపడ్డాము. అక్కడ సీజీహెచ్‌ఎస్ కేంద్రం లేదు కనుక, దానికి బదులుగా నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం, అంటే ఎఫ్‌ఎంఏ తీసుకుంటూ, ఆసుపత్రి ఖర్చు కోసం బీమా కొనుక్కున్నాము. 2025 ఫిబ్రవరిలో అమ్మాయి దగ్గరకు, సీజీహెచ్‌ఎస్ వర్తించే ఉప్పల్ వచ్చేశాక ఆ భత్యం తీసుకునే అర్హత పోయింది. ఆ సంగతి నేను బ్యాంకుకు వెంటనే తెలియజేయవలసింది, చేయలేదు. తప్పు నాదే.

సీజీహెచ్‌ఎస్ కార్డు తీసుకుందామని జూన్‌లో బ్యాంకు శాఖకు వెళ్లి, ఎఫ్‌ఎంఏ నిలిపివేసి, నిలిపివేసినట్లు ధ్రువపత్రం ఇవ్వమని అర్జీ ఇచ్చాను. కౌంటరులో ఉన్న అబ్బాయి ఆ మూడు అక్షరాలూ రెండుసార్లు చదివి, "సార్, ఇది లోను అకౌంటా?" అని అడిగాడు. పింఛను విషయాలు చూసేది తమ కేంద్రీకృత విభాగమని తెలిసే సరికి మూడు సార్లు వెళ్లవలసి వచ్చింది. అర్జీ వాళ్లకు చేరిన తర్వాత పని ఆగలేదు: జులై పింఛనులో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా తీసుకున్న 5,000 రూపాయలూ ఒకేసారి కోసేశారు. ధ్రువపత్రం మాత్రం ఆగస్టు మొదటి వారంలో వచ్చింది.

సీజీహెచ్‌ఎస్ చందా విరమణ నాటి పే లెవెల్‌ను బట్టి ఉంటుంది. లెవెల్ 7 నుంచి 11 వరకు నెలకు 650 రూపాయలు. ఏడాదికి ఒకసారి కట్టవచ్చు, లేదా పదేళ్ల మొత్తం ఒకేసారి కడితే కార్డు జీవితాంతం చెల్లుతుంది. 78,000 అంటే చిన్న మొత్తం కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి మధ్యలోనే తీయవలసి వచ్చింది; అయినా ఏటేటా కట్టేలా పెట్టుకుంటే ఏదో ఒక ఏడు మరిచిపోతానన్న భయం నాది. పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు, ఆధార్, పాన్, ఉప్పల్ చిరునామా రుజువు, బ్యాంకు ధ్రువపత్రం సిద్ధం చేసుకుని అమ్మాయి సాయంతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాను. పీపీఓలో నా భార్య పేరు ముందు ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో పేరు చివర ఉంది. ఆ తేడాకు ఒక అఫిడవిట్, దానికి ఒక వారం. సెప్టెంబరు చివరలో ఇద్దరికీ కార్డులు వచ్చాయి.

అక్టోబరు 1న కరువు భత్యం 58 శాతమైందని వార్త వచ్చింది. జులై నుంచి నెలకు 906 రూపాయలు అదనం. వైద్య భత్యం కింద పోయినది నెలకు 1,000. డైరీలో ఈ రెండూ రాస్తుంటే నా భార్య తొంగి చూసి, "ఇంకా తొంభై నాలుగు రూపాయలు మనమే బాకీ అన్నమాట" అంది.

ఇంత చేశాక బీమా పాలసీ ఆపేద్దామనే నాకు అనిపించింది. ఆమె ఒప్పుకోలేదు, ఆలోచిస్తే ఆమె మాటే సబబుగా తోచింది. ఐదేళ్లు నిరాటంకంగా నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారనే సాకుతో కంపెనీ క్లెయిము తిరస్కరించలేదు. అది వదిలేసి మళ్లీ కావాలంటే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. నాకు అరవై తొమ్మిదేళ్లు, ఆమెకు చక్కెర వ్యాధి. వచ్చే మే నెలలో జీఎస్టీ లేకుండా నోటీసు ఎంతకు వస్తుందో చూసి నిర్ణయిద్దామనుకున్నాము. డెబ్బై నిండితే ఆసుపత్రిలో ఉచిత చికిత్సకు ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉందని ఒక మిత్రుడు గుర్తు చేశారు. అయితే ప్రైవేటు బీమా ఉన్నవారు దాన్ని అదనంగా తీసుకోవచ్చు గానీ, సీజీహెచ్‌ఎస్‌లో ఉన్నవారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. మేము సీజీహెచ్‌ఎస్ కార్డు ఇప్పుడే తీసుకున్నాము కనుక ఆ ఆలోచన మానుకున్నాము.

నవంబరులో జీవన ప్రమాణ పత్రం. మీ సేవ కేంద్రంలో నా బొటనవేలు నాలుగు సార్లు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు, రేఖలు అరిగిపోయాయట. ఇంటికొచ్చి అమ్మాయి ఫోన్‌లో ఫేస్ అథెంటికేషన్ చేశాము. "నాన్నా, కళ్లు ఒకసారి ఆర్పండి" అంది. ఆర్పాను. రెండు నిమిషాల్లో ప్రమాణ్ ఐడీ వచ్చింది. నేను బతికే ఉన్నట్లు ప్రభుత్వానికి తెలిసింది. ఆ ఐడీ నంబరును డైరీలో 906 కింద రాసుకుని, పక్క పేజీ పైన "మే: రెన్యూవల్ నోటీసు" అని రాసి ఖాళీగా వదిలాను.