చీనీ (బత్తాయి) తోటలో చివరి వరుసకు నీళ్లు: మోటారు మార్చకుండా లైను సరిచేసిన నా అనుభవం

అనంతపురం జిల్లా నార్పల వైపు డ్రిప్పు చివరి చెట్లకు నీళ్లు అందకపోతే ‘పెద్ద మోటారు దించు’ అంటారు. నేను ముందు లైను కొలిచాను. బోరు నుంచి ఫిల్టరు దాకా 400 మీటర్లు, 63 ఎం.ఎం. పీవీసీ పైపు.

డ్రిప్పు నడుస్తుండగా బోరు దగ్గర గేజీలో నీటి ఒత్తిడి 2.4 కేజీలు (చదరపు సెంటీమీటరుకు), ఫిల్టరు ముందు 0.8. తర్వాత నీళ్లను 200 లీటర్ల డ్రమ్ములోకి మళ్లించాను. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. డ్రమ్ము వైపు వాల్వు బార్లా తెరవకూడదు, తెరిస్తే డ్రిప్పుకు పోయేదానికన్నా ఎక్కువ నీళ్లు వస్తాయి. ఫిల్టరు గేజీ మళ్లీ 0.8 చూపేదాకా బిగించి అప్పుడు టైము చూడాలి. డ్రమ్ము 50 సెకన్లకు నిండింది, అంటే సెకనుకు 4 లీటర్లు.

తేడా 1.6 కేజీలంటే 16 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి. అందులో ఫిల్టరు దగ్గర నేల ఎత్తు 2 పోను 14 మీటర్లు పైపు రాపిడే మింగేస్తోంది. నీటి వేగం సెకనుకు మీటరున్నర, ప్రవాహం నిలకడగా ఉందా, సుళ్లు తిరుగుతోందా చెప్పే రెనాల్డ్స్ సంఖ్య లక్ష పైమాటే. అది నాలుగు వేలు దాటితే చాలు, పైపులో నీళ్లు పూర్తిగా సుళ్లు తిరుగుతాయి. అలాంటి ప్రవాహంలో నీళ్లు రెట్టింపైతే నష్టం మూడు రెట్లు దాటుతుంది. 4 లీటర్లను 5 చేయాలన్నా 14 మీటర్లు 20 దాటుతాయి. పెద్ద మోటారు లాగే అదనపు కరెంటులో చాలా భాగం అక్కడికే పోతుంది.

నునుపు పైపుకు రాపిడి నష్టం సూత్రం ప్రకారం కూడా పదమూడున్నర మీటర్లే వచ్చింది. కాబట్టి లైనులో అడ్డేమీ లేదు, పైపే చిన్నది. కొలత 20 దాకా వచ్చుంటే సగం మూసుకున్న గేట్ వాల్వు, మిట్ట దగ్గర నిలిచిన గాలి, జాయింటు లోపల గడ్డకట్టిన సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) వెతకాల్సి వచ్చేది.

పాతది పీకి 75 ఎం.ఎం. వేస్తే అదే 4 లీటర్లకు నష్టం 6 మీటర్లకు దిగుతుంది. పాతది ఉంచి పక్కనే ఇంకో 63 వేసి రెండు కొసల్లో టీలతో కలిపితే 4 మీటర్లే! ఒక్కో పైపులో సగం నీళ్లే పోతాయి కదా. నేను రెండోదే ఎంచుకున్నాను.

రంపంతో కోశాక అంచు గరుకు గీకేయాలి. సొల్యూషన్ పైపు కొసకు పల్చగా పూయాలి. సాకెట్లో నింపితే లోపలికి తోసుకుపోయి అడ్డుకట్టలా ఎండిపోతుంది. మిట్ట మీద ఎయిర్ వాల్వు తప్పనిసరి. జాయింట్లు ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు మెల్లగా వదలాలి.

ఇప్పుడు బోరు దగ్గర 2.0, ఫిల్టరు ముందు 1.2, డ్రమ్ము 41 సెకన్లు. మోటారు ఎక్కువ లాగుతోంది కాబట్టి బోరు గ్యాప్ ఇస్తే (నీళ్లు తెగి తెగి వస్తే) బోరు దగ్గరి గేట్ వాల్వు కాస్త బిగించుకోవాలి.