ప్లేయర్లవి కాదు, కోచ్‌ల సంతకాలే ఎందుకంటే

కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) అంటే ప్రాణం పెట్టే అమెరికా సౌత్‌లో, అంటే దక్షిణాది రాష్ట్రాల్లో ఉంటూ ప్లేయర్ల ఆటోగ్రాఫ్‌లు వదిలేసి పాతకాలం కోచ్‌లవి ఎందుకు పోగేస్తావు అని ఫ్రెండ్స్ అడుగుతూనే ఉంటారు. ప్లేయర్ నాలుగైదేళ్ళు ఆడి వెళ్ళిపోతాడు, కోచ్ అక్కడే ఉంటాడు కదా. నెబ్రాస్కా యూనివర్సిటీలో టామ్ ఆస్బోర్న్ 1973 నుంచి 1997 దాకా, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో బాబీ బౌడెన్ 1976 నుంచి 2009 దాకా, అంటే తండ్రి చూసిన కోచ్‌నే కొడుకూ చూశాడన్నమాట.

అందరూ ఎగబడేది అలబామా యూనివర్సిటీ కోచ్ బేర్ బ్రయంట్ సంతకం కోసం. 323 విజయాలు, 1982 డిసెంబర్‌లో చివరి మ్యాచ్ గెలిపించి నెల తిరక్కుండానే పోయారాయన. డిమాండ్ ఉన్నచోట దొంగ సంతకాలు కూడా ఉంటాయి, జాగ్రత్త. నాకైతే హెల్మెట్ల మీద పెట్టిన సంతకాల కంటే మామూలు ఇండెక్స్ కార్డు (చిన్న మందపాటి కాగితం కార్డు) మీద బాల్ పెన్‌తో పెట్టినవే ఇష్టం. లైటు కింద కార్డుని కొంచెం వంచి చూస్తే పెన్ను నొక్కిన గాడి కనిపిస్తుంది, చెయ్యి లేపిన చోట గీత సన్నబడుతుంది, అదే మెషీన్‌తో పెట్టించినదైతే మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం.

కానీ నా దృష్టిలో అన్నిటికంటే విలువైంది ఎడ్డీ రాబిన్సన్ సంతకం. లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరు, నల్లజాతి పిల్లల కాలేజీ, ఆయన అక్కడ 1941లో కోచ్‌గా చేరి 1997 దాకా వేరే కాలేజీ మొహం చూడలేదు. సౌత్‌లోని చాలా పెద్ద యూనివర్సిటీలు 1960ల దాకా నల్లజాతి కుర్రాళ్ళని టీమ్‌లోకి రానివ్వలేదు, బ్రయంట్ గారి అలబామా అయితే 1970 దాకా అంతే, ఆ కుర్రాళ్ళలో ఎంతోమంది రాబిన్సన్ దగ్గర ఆట నేర్చుకున్నారు, 200 మందికి పైగా ఎన్ఎఫ్ఎల్‌కి, అంటే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కి వెళ్ళారు. 1985లో డల్లాస్‌లో ప్రెయిరీ వ్యూ కాలేజీ టీమ్ మీద గెలిచి బ్రయంట్ 323 విజయాల రికార్డు దాటేశారు, మొత్తం 408 విజయాలతో రిటైర్ అయ్యారు.

అయినా నేను చూసినంతలో ఆయన సంతకం బ్రయంట్ సంతకం కంటే బాగా తక్కువకే అమ్ముడవుతుంది. ఇది నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ధర పెరిగినా పర్లేదు, ఆయన గురించి ఇంకా ఎక్కువమందికి తెలియాలి. మీలో ఎవరికైనా ఎస్టేట్ సేల్స్‌లో (పోయినవాళ్ళ ఇంటి సామాన్లు అమ్మే చోట) ఆయన సంతకం ఉన్న పాత గ్రాంబ్లింగ్ మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకం కనిపిస్తే నాకో ముక్క చెప్పండి ప్లీజ్.