వాన పడకుండానే తడిపే అడవి

లాడ్జి వాళ్ళు పంపిన సామాన్ల జాబితాలో మొదట ఉన్నది గొడుగు. మధ్య అమెరికా దేశం కోస్టారికాలోని మోంటెవెర్దే కొండ మీదికి గొడుగు తెచ్చుకోమన్నవాళ్ళు ఆ కొండ ఎప్పుడైనా ఎక్కారా అని అనుమానం. గాలి తగిలే మొదటి మలుపులోనే అది తిరగబడింది. తిరగబడకపోయినా లాభం లేదు, ఇక్కడ నీళ్ళు పక్కనుంచి వస్తాయి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కోస్టారికాలో ఎండాకాలం అని చదివే అందరూ టికెట్లు కొంటారు. రాజధాని శాన్ హోసేలో అది నిజమే. ఫిబ్రవరిలో మోంటెవెర్దే పక్కనున్న శాంటా ఎలేనా ఊళ్ళో కూడా ఎండ బాగానే కాస్తుంది. అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో మోంటెవెర్దే రిజర్వు (రక్షిత అడవి) గేటు దాటి శిఖరం వైపు నడిస్తే మాత్రం చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. కరీబియన్ మీదుగా ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు తిలారాన్ కొండలెక్కి చల్లబడి మబ్బుగా మారతాయి. ఆ మబ్బు కొమ్మల మధ్య నుంచి దూసుకుపోతుంటే నాచు, ఫెర్నులు, ఆర్కిడ్లు దాన్ని వడగట్టి చుక్కలుగా కిందికి వదులుతాయి. లంబసింగి పొగమంచు చూసినవాళ్ళు ఇదీ అలాంటిదే అనుకోవద్దు. అది రాత్రి నేల చల్లబడి పుడుతుంది, పొద్దెక్కితే విడిపోతుంది. ఇది గాలి ఉన్నంతసేపూ ఉంటుంది. ఎండొచ్చాక బయల్దేరదామని కూర్చుంటే ఆ రోజు పోయినట్టే.

కాబట్టి జీన్సు, కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి. ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరవు, పైగా వాసన కొడతాయి. పలచటి పాలిస్టర్ చొక్కా, దాని మీద ఉన్ని స్వెట్టరు, ఆపైన చంకల దగ్గర జిప్పు ఉన్న రెయిన్‌కోటు సరిపోతాయి. జిప్పు లేకపోతే లోపలి చెమటకే తడుస్తారు. రిజర్వు బాటలు బాగానే చేశారు, మామూలు ట్రెక్కింగ్ బూట్లు చాలు. బురద ఎక్కువుండే రాత్రి నడకలకు రబ్బరు బూట్లు చాలా లాడ్జిలే ఇస్తాయి. కెమెరా చల్లటి అడవిలోంచి వెచ్చటి భోజనాల గదిలోకి తెచ్చీ తేగానే బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. గుమ్మం బయటే జిప్‌లాక్ సంచిలో పెట్టి, అరగంట ఆగి తీయాలి. బైనాక్యులర్లలో 10x42 కన్నా 8x42 నయం. ఈ మబ్బు వెలుతురులో పెద్దగా కనపడటం కన్నా కాస్త వెలుగ్గా కనపడటం ముఖ్యం.

లా వెంటానా అనే వ్యూ పాయింటు దగ్గర రెండు సముద్రాల వైపులా చూడొచ్చంటారు. నాకు కనపడింది తెలుపే. నేను ఎక్కువసేపు నిలబడింది బాట పక్కన విరిగిపడిన ఒక కొమ్మ దగ్గర. తొడంత లావుంది గానీ అసలు కొయ్య అందులో సగం కూడా లేదు. మిగతాదంతా నాచు, దాని కింద బెత్తెడు మందాన నల్లటి మట్టి. ఆకులు చెట్టు మీదే కుళ్ళి తయారైన మట్టి అది, నేల నుంచి వచ్చింది కాదు. పిండితే నీళ్ళు కారాయి. అందులో సన్నటి వేళ్ళు ఉన్నాయి. కొన్ని చెట్లు తమ కొమ్మల్లోంచే ఈ మట్టిలోకి వేళ్ళు వేసి తింటాయని అడవుల శాస్త్రవేత్త నళినీ నడ్కర్ణి 1981లో బయటపెట్టారు. తాడు కట్టుకుని చెట్టెక్కితే తప్ప తెలిసే సంగతి కాదు మరి.

ఈ అడవి మిగలడానికి కారణం కూడా నీళ్ళే. 1951లో అమెరికాలోని అలబామా నుంచి వచ్చిన క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్ళు) ఇక్కడ పాడి పెట్టుకుని, ఊటలు ఎండకుండా పై అడవిని నరక్కుండా వదిలేశారు. రిజర్వు 1972లో ఏర్పడింది. శిఖరం మీది గుంటల్లో గుడ్లు పెట్టే బంగారు రంగు కప్ప మాత్రం 1989 తర్వాత ఎవరికీ కనపడలేదు. మబ్బు పట్టని పొడి రోజులు పెరగడం, చర్మానికి సోకే శిలీంధ్రం, రెండింటి మీదా అనుమానం ఉంది.

క్వెట్జల్ అనే పిట్టను చూడటానికైతే గైడు ఖర్చుకు వెనకాడొద్దు. పచ్చటి పిట్ట పచ్చటి ఆకుల్లో కదలకుండా కూర్చుంటుంది. వెతకాల్సింది పిట్టను కాదు, అగ్వాకాటియో చెట్టును. అవకాడో జాతిదే, కాయలు చిన్నవి. పిట్ట కాయ మింగి, గింజ కక్కేదాకా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఏ చెట్టు కాసిందో గైడుకు ఆ వారం లెక్క ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా, ఉదయం ఏడుకు గేటు తీయగానే వెళ్తే మంచిది. తొమ్మిదయ్యేసరికి ఆ చెట్టు కింద జాతరే.

ఎకో లాడ్జి అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పర్యావరణానికి హాని లేకుండా నడిపేవాళ్ళకు అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ ఇచ్చే సీఎస్‌టీ గుర్తు ఉందో లేదో చూసుకోండి. సెప్టిక్ ట్యాంకు గొట్టాలు సన్నవి కాబట్టి టాయిలెట్ పేపరు బుట్టలోనే వేయాలి. చవక గదుల్లో హీటరు షవర్‌లోనే బిగించి ఉంటుంది. వేడి చాలకపోతే కుళాయి తగ్గించండి, తక్కువ నీళ్ళయితేనే బాగా కాగుతాయి. తడి చేత్తో షవర్‌ని ముట్టుకోవద్దు. కరెంటు 120 వోల్టులు. ఫోన్ చార్జరుకు ఇబ్బంది లేదు, ప్లగ్గు మారుస్తే చాలు. మన 230 వోల్టుల కెటిల్ మాత్రం నాలుగో వంతు వేడే ఇస్తుంది, టీ మీద ఆశ వదులుకోండి.

తిండి విషయంలో లాడ్జి రెస్టారెంటు కంటే ఊళ్ళోని సోడాలే నయం. సోడాలంటే చిన్న హోటళ్ళు. కసాదో అనే భోజనం అడిగితే అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన తీపి అరటిపండు, సలాడ్ వస్తాయి. మాంసం వద్దని ఊరుకుంటే చికెన్ వేసి తెస్తారు, కోడి, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. 13 శాతం పన్ను, 10 శాతం సర్వీసు మెనూ ధరలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి. మా లాడ్జిలో కలపలేదు, ఆ ముక్క బిల్లొచ్చాక చెప్పారు. బట్టలు గదిలో తాడు కట్టి ఆరేయడం దండగ. శాంటా ఎలేనాలో డ్రయ్యర్ ఉన్న లాండ్రీలో పొద్దున వేసి, రిజర్వు నుంచి తిరిగొస్తూ తెచ్చుకోండి.