కొట్టుగది గోడ తీసి వంటిల్లు పెంచుతున్నాం: ఇప్పటిదాకా అయిన పని

తెనాలి దగ్గర 1984లో కట్టిన ఇల్లు మాది. వంటిల్లు 8×9 అడుగులు, దానికి ఉత్తరాన 8×5 కొట్టుగది. మరీ ఇరుకేం కాదు గానీ హాల్లోంచి ఒక తలుపు, కొట్టుగదికి ఒకటి, తూర్పు గోడ మధ్యలో పెరటి తలుపు. ఇవన్నీ పోగా దక్షిణపు గోడకు 6 అడుగుల గట్టు మిగిలింది. ఫ్రిజ్ హాల్లో, గ్రైండర్ నడవలో.

గళ్ల కాగితం మీద, గడికి 6 అంగుళాల లెక్కన, ప్లాన్లు గీయడం నాకు సరదా. ఎలా గీసినా గట్టుకు అడ్డం పెరటి తలుపే. కొట్టుగదికి తూర్పున కిటికీ ఉంది, దానిపైన లింటల్, అంటే పై గోడ బరువు మోసే అడ్డదిమ్మె, ఉండనే ఉంది. కిటికీ కింది గోడ తీస్తే అదే పెరటి తలుపు. పాత తలుపు కింది సగం ఇటుకలతో మూసేస్తే పై సగం సింకు ముందు కిటికీ. గట్టు ఎల్ ఆకారంలో తిరిగి 13 అడుగులైంది. పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది కాబట్టి అమ్మతో వాస్తు చర్చ రాలేదు, బతికిపోయాను. సింకు కూడా పాత తూముకు దగ్గరే. దూరం జరిపితే గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి, అంత లోతు నేల తవ్వడం ఇష్టం లేదు.

ఇక మధ్యగోడ. దర్వాజా దగ్గర టేపు పెడితే రెండువైపులా పూతతో 10½ అంగుళాలు, అంటే 9 అంగుళాల ఇటుక గోడ. మా ఇంట్లో స్తంభాల్లేవు, స్లాబు బరువంతా గోడలదే. పైగా డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు సరిగ్గా దీని నెత్తిన ఉంది. నీళ్లే ఒక టన్ను! ఇంజినీరు గారు చూసి, ముందు ట్యాంకు దింపించమన్నారు. అటూ ఇటూ అడుగేసి గోడ వదిలి మధ్యలో 6 అడుగులే తెరిచి, పైన ఐఎస్ఎంబీ 200 ఇనప దూలం, అంటే 200 మిల్లీమీటర్ల ఎత్తున్న ‘ఐ’ ఆకారపుది, వేయమన్నారు. ఇది మా స్లాబుకు చూసి చెప్పిన కొలత, మీ ఇంటికి మీరు చూపించుకోవాల్సిందే.

గోడకు రెండువైపులా స్లాబును మోసే జాకీలు బిగించాక దూలం చివరలు ఆనే చోట కాంక్రీటు దిమ్మెలు పోశారు. అవి గట్టిపడేదాకా మిగతా గోడ ముట్టుకోలేదు. మేస్త్రి సమ్మెట పట్టనివ్వలేదు. మిషన్‌తో గీత కోసి, పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీయించాడు. చాలావరకు చెక్కుచెదరకుండా వచ్చాయి, పాత తలుపు మూయడానికి అవే వాడాం. దూలానికీ స్లాబుకూ మధ్య వేలెడు సందు మిగిలింది. అందులో ఆరినా కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే సిమెంటు ముద్ద) గట్టిగా కూరాకే జాకీలు వదిలారు. ఆ సందు ఖాళీగా ఉంటే స్లాబు కిందికి వంగి పగిలాక గానీ దూలం మీద బరువు పడదు.

గట్టు ఎత్తు 34 అంగుళాలని మేస్త్రి అలవాటుగా గీసేశాడు. ఇటుకలు పేర్చి, పైన పీట పెట్టి, అమ్మను ఉల్లిపాయ తరగమన్నాను. భుజాలు పైకి లేచాయి. “ఇంకో వరస తియ్యరా, చేతులు పీకుతున్నాయి” అంది. వరసలు మార్చి మార్చి, రాయితో కలిపి 31½ దగ్గర ఆగాం.

పూత ఇంకా మొదలవలేదు. ఈలోగా గ్రైండర్‌కూ ఓవెన్‌కూ 16 ఆంపియర్ల ప్లగ్గులకు విడివిడి లైన్లు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో, గాడులు కొట్టించి గొట్టాలు వేయించాలి. సిలిండరు అరకు నేల దగ్గరే బయటికి గాలి కన్నం పెట్టాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందే పేరుకుంటుంది, పైన చిమ్నీ ఉందిలే అనుకోవడానికి లేదు.