ఏఎంపీటీతో నా అనుభవం: 200 జాబులు, ఐదే సీడ్లు

నిన్న రాత్రే ప్లాట్ సరిగ్గా వచ్చింది, ఆ ఊపులోనే రాసేస్తున్నా. నా పీహెచ్‌డీ పని ఏంటంటే, అమెరికాలో బ్రూక్‌హేవెన్‌లోని రిక్ అనే కణాలు గుద్దించే మెషీన్‌లో 200 జీఈవీ శక్తి దగ్గర రెండు గోల్డ్ న్యూక్లియస్‌లు గుద్దుకున్నాక కణాలు ఎటెటు పోతాయో ఏఎంపీటీ అనే ట్రాన్స్‌పోర్ట్ కోడ్‌తో లెక్కెయ్యడం. ఫోర్ట్రాన్ కోడ్, కంపైల్ చెయ్యడం ఐదు నిమిషాల పని. క్లస్టర్ (బోలెడు కంప్యూటర్ల గుంపు) అకౌంట్‌కే మూడు వారాలు పట్టింది, ఒకే ఫారం మూడుసార్లు నింపించారు.

కోడ్ లోపల హైజింగ్ అనే భాగం మొదటి గుద్దుడు తయారుచేస్తుంది, జెడ్‌పీసీలో క్వార్కులు కొట్టుకుంటాయి, తర్వాత అవి కలిసి హాడ్రాన్లు (ప్రోటాన్, పయాన్ లాంటి కణాలు) అవుతాయి, అవి ఏఆర్‌టీలో మళ్లీ గుద్దుకుంటాయి. స్ట్రింగ్ మెల్టింగ్ (మొదటి గుద్దుడులో వచ్చినవి క్వార్కులుగా కరిగిపోయే పద్ధతి) కావాలంటే ఐసాఫ్ట్ అనే సెట్టింగ్ 4 పెట్టండి, 1 పెడితే వీ2 (కణాలు అన్ని వైపులా సమానంగా కాకుండా కొన్ని దిక్కుల్లో ఎంత ఎక్కువ పోతాయో చెప్పే కొలత) తక్కువొస్తుంది.

అసలు కథ ఇక్కడే. 200 జాబులు (క్లస్టర్‌కి విడివిడిగా ఇచ్చే పనులు), జాబుకి 500 ఈవెంట్లు (ఒక్కో గుద్దుడు ఒక ఈవెంట్), మొత్తం లక్ష అని సెమినార్‌లో గర్వంగా వీ2 ప్లాట్ చూపించా. వెనక వరసలోంచి ఒక పెద్దాయన "ఏమ్మా, ఎర్రర్ బార్లు చుక్కల్లో దాక్కున్నాయి, చుక్కలేమో గుట్టలెక్కి దిగుతున్నాయి, ఇవి లక్ష ఈవెంట్లేనా?" అన్నారు. నా నోట మాట రాలేదు. పక్కనే మా గైడ్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు, అది మాత్రం మర్చిపోలేను.

రూమ్‌కొచ్చి రెండు జాబుల ఫైళ్లు పక్కపక్కన తెరిచా. మొదటి ఈవెంట్ హెడర్ లైన్‌లో ఇంపాక్ట్ పారామీటర్ (న్యూక్లియస్‌ల కేంద్రాలు ఎంత పక్కకి తప్పి గుద్దుకున్నాయో ఆ దూరం) చివరి అంకె దాకా ఒకటే, కణాల లెక్కా ఒకటే. డిఫ్ (ఫైళ్ల తేడాలు చూపించే కమాండ్) కొడితే ఒక్క లైనూ రాలేదు. సీనియర్ ఇచ్చిన స్క్రిప్ట్ సీడ్‌ని (రాండమ్ నంబర్లు మొదలయ్యే అంకె, అది ఒకటే అయితే ఈవెంట్లూ అవే వస్తాయి) గడియారం సెకన్లలోంచి తీసుకుంటోంది, క్లస్టర్‌లో 200 జాబులూ ఐదు సెకన్లలో మొదలైపోయాయి, అంటే ఉన్నవి ఐదు సీడ్లు, 2,500 ఈవెంట్లు, ఒక్కోదాన్ని సగటున 40 సార్లు లెక్కపెట్టా. ఎర్రర్ ఈవెంట్ల లెక్క వర్గమూలం కొద్దీ తగ్గుతుంది, ఆరు రెట్లు తక్కువ చూపించింది అందుకే. స్క్రిప్ట్ ఇచ్చేవాళ్లు ఇది ల్యాప్‌టాప్‌లో ఒక్కో జాబు నడపడానికే రాశామని ఒక్క ముక్క చెప్పాలి కదండీ, జూనియర్ల నెలలు ఊరికే రావు.

టైంకి జాబ్ నంబర్ కలిపినా లాభం లేదు, పదో సెకనుకి 5 కలిపినా పదకొండో సెకనుకి 4 కలిపినా వచ్చేది 15 ఏ. జాబ్ నంబర్‌నే సీడ్‌గా పెట్టండి, దాన్ని ఫైల్ పేరులో కూడా రాసుకోండి.

మళ్లీ 200 జాబులు వేశా. ఎర్రర్ బార్లు కంటికి కనబడుతున్నాయి, పయాన్ల వీ2 పీటీతో (బీమ్‌కి అడ్డంగా ఉండే మొమెంటంతో) పాటు నున్నగా పైకి పోతోంది. ప్రింట్ తీసి పొద్దున్నే వెళ్లి ఆ పెద్దాయన టేబుల్ మీద పెట్టొచ్చా.